ఊపిరి ఒక్కోసారి ఒక్కోలా ఎందుకు వస్తుంది?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కొత్తగా స్మార్ట్‌వాచ్ పెట్టుకున్నాక మీ దృష్టి ఊపిరి మీదికి మళ్లింది. రాత్రి పడుకుని గమనిస్తే ఒక శ్వాస నిడివిగా, ఇంకొకటి పొట్టిగా వస్తోంది. మధ్యలో కాస్త ఆగుతోంది. ఉన్నట్టుండి ఒక పెద్ద ఊపిరి వస్తోంది. యోగా క్లాసులో మాస్టారు శ్వాస సమంగా ఉండాలని చెప్పారు కాబట్టి ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో ఏదో తేడా చేసిందని మీకు టెన్షన్ పట్టుకుంది. దాంతోపాటు మీ చెల్లెలి మూడు వారాల పాప నిద్రలో కొన్ని సెకన్లు ఊపిరి ఆపి మళ్లీ గబగబా తీసుకుంటోంది, అది మామూలేనా అని కూడా అడిగారు.

నేను ఐసీయూలో వెంటిలేటర్ల మీద ఉన్న పేషెంట్లను చూసుకునే రెస్పిరేటరీ థెరపిస్టుని. రోజంతా నా పని ఊపిరిని చూడటమే. అందుకే గట్టిగా చెప్పగలను: ఆరోగ్యంగా ఉన్న మనిషి స్థిమితంగా కూర్చున్నా సరే, ఏ రెండు శ్వాసలూ అచ్చంగా ఒకేలా రావు. శరీరం పట్టుబట్టి కాపాడేది రక్తంలోని కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్, ఆమ్లత్వం మోతాదులని. ఆ లెక్క సరిగ్గా ఉన్నంతసేపూ ఒక్కో శ్వాస ఎంత పెద్దది, ఎంతసేపు పట్టింది అన్న విషయంలో అది చాలా వెసులుబాటు ఇస్తుంది. ఆ వెసులుబాటు లేకుండా పోయినప్పుడే మాలాంటివాళ్లం కంగారుపడతాం.

ఇది వెంటిలేటర్ స్క్రీన్ మీద చాలా స్పష్టంగా కనిపిస్తుంది. పేషెంట్ పూర్తిగా మత్తులో ఉన్నప్పుడు నిమిషానికి ఇన్ని శ్వాసలు, ఒక్కోటి ఇన్ని మిల్లీలీటర్లు అని మేమే సెట్ చేస్తాం. అప్పుడు అంకెలు అచ్చుగుద్దినట్టు వస్తాయి: 450, 450, 450. తేరుకున్నాక మెషీన్ సాయం తగ్గించి ఊపిరి తీసుకునే పని ఆ మనిషికే వదులుతాం. అప్పటినుంచి అంకెలు కదలడం మొదలవుతుంది. 410, 465, 390, 520, 430 ఇలా. ఒక శ్వాసకి మూడు సెకన్లు పడితే తర్వాతదానికి నాలుగున్నర. కాసేపటికి ఏ 900 దగ్గరో ఒక పెద్ద శ్వాస వస్తుంది, దాని వెనకే చిన్న విరామం. అద్దం అవతల నుంచి చూస్తున్న బంధువులు ‘అంకెలు నిలకడగా లేవేంటండీ’ అని భయపడుతుంటారు. మాకు మాత్రం ఆ కదలిక చూస్తే ప్రాణం కుదుటపడుతుంది, ఎందుకంటే ఇప్పుడు ఊపిరి నడిపిస్తున్నది మనిషే.

సరే, ఈ హెచ్చుతగ్గులు ఎక్కడినుంచి వస్తాయి? మొదటి కారణం లయ పుట్టే చోటే ఉంది. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే భాగాన్ని మనం స్కూల్లో మజ్జాముఖం అని చదువుకున్నాం. అందులో ప్రీబోట్‌జింగర్ కాంప్లెక్స్ అనే చిన్న నాడీకణాల గుంపు ఉంది. 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్ తదితరులు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల మజ్జాముఖం నుంచి పల్చటి ముక్క కోసి చూపించారు: శరీరంతో సంబంధం తెగిపోయినా ఆ ముక్క తనంతట తాను ఊపిరి లయని పుట్టిస్తూనే ఉంటుంది. ఎలుకల్లో ఈ గుంపులో ఉండేవి కొన్ని వేల కణాలే. అందులో టిక్‌టిక్‌మని కొట్టే ఒకే ఒక్క యజమాని కణం అంటూ లేదు. ఒక శ్వాస అయిపోయాక కణాలన్నీ కాసేపు సద్దుమణుగుతాయి. తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి మేల్కొంటాయి. మేల్కొన్నవి పక్కవాటిని తట్టి లేపుతాయి. కొంతసేపటికి అన్నీ ఒక్కసారిగా ఎగసి, ‘పీల్చు’ అన్న సంకేతం ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరం దాకా పోతుంది. ప్రతిసారీ ముందు లేచే కణాలు వేరు, అవి తట్టిలేపే దారి వేరు. కాబట్టి ఆ ఎగసిపాటుకి పట్టే సమయం కూడా ప్రతిసారీ కొద్దిగా మారుతుంది. ఏ జబ్బూ లేకపోయినా, మనసులో ఏ ఆలోచనా లేకపోయినా ఈ తేడా ఉంటుంది.

రెండోది రక్తంలోని వాయువుల లెక్క. ఊపిరిని ప్రధానంగా నడిపించేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. మామూలు పరిస్థితుల్లో ఆ పని చేసేది కార్బన్ డయాక్సైడ్ అని ఇంగ్లండ్‌లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ 1905లోనే చూపించారు. ధమని రక్తంలో దాని పీడనం, బీపీ లాగే పాదరసం కొలతలో, 35 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అది ఒక్క మిల్లీమీటర్ పెరిగినా నిమిషానికి పీల్చే గాలి రెండు మూడు లీటర్ల దాకా పెరుగుతుంది. కూర్చున్నప్పుడు మనం నిమిషానికి పీల్చేదే ఆరు నుంచి ఎనిమిది లీటర్లు. అంటే ఈ నియంత్రణ ఎంత పదునైనదో చూడండి. ఆక్సిజన్ మాత్రం 60 మిల్లీమీటర్ల కిందికి పడితే తప్ప అంత గట్టిగా తొందరపెట్టదు. అందుకే ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే ‘ఇక నావల్ల కాదు’ అనిపించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్లే.

అయితే ఈ లెక్క చూసే కణాలు ఊపిరితిత్తుల్లో లేవు. కొన్ని మెడలో, కెరోటిడ్ ధమని చీలే చోట ఉన్నాయి. దీన్ని కనిపెట్టినందుకే బెల్జియం శాస్త్రవేత్త కార్నెయ్ హేమాన్స్‌కి 1938 సంవత్సరపు నోబెల్ వచ్చింది. మిగతావి మెదడులోనే ఉన్నాయి. మీరు ఇప్పుడు పీల్చిన గాలి ప్రభావం ఊపిరితిత్తుల నుంచి గుండెకి, అక్కడినుంచి మెడ దాకా చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మెదడులోని కణాలు స్పందించడానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. ఈలోపు మరో శ్వాసో రెండో అయిపోతాయి. అంటే శరీరం ఈ క్షణం చేస్తున్న సవరణ కాసేపటి కిందటి సమాచారాన్ని బట్టి చేస్తున్నదన్నమాట. ఆలస్యంగా అందే సమాచారంతో దిద్దుకునే ఏ ఏర్పాటైనా కొంచెం ఎక్కువగానో కొంచెం తక్కువగానో దిద్దుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. మీరు చూసే ఎగుడుదిగుళ్లలో కొంత ఈ సర్దుబాటే. వరసగా వచ్చే శ్వాసలకి ఒకదానితో ఒకటి లంకె ఉండేది కూడా ఇందువల్లే. పెద్ద శ్వాస పక్కన తరచూ ఒక విరామమో, చిన్న శ్వాసో ఉంటుంది.

మరి ఇన్ని హెచ్చుతగ్గులుంటే రక్తంలో ఆక్సిజన్ ఊగిపోదా? మీ వాచీలో అది 97, 98 శాతం దగ్గర కదలకుండా ఎలా ఉంటోంది? నాకు ఈ మొత్తం విషయంలో చాలా అందంగా అనిపించేది ఇదే. మామూలుగా ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో ఇంకా 2,300 మిల్లీలీటర్ల దాకా గాలి మిగిలే ఉంటుంది. మనం పీల్చే ఒక్కో శ్వాస సుమారు 500. అందులో 150 గొట్టాల్లోనే ఆగిపోతుంది, రక్తాన్ని తాకదు. లోపలికి నిజంగా చేరే కొత్త గాలి 350 మాత్రమే. అంటే ఒక్కో శ్వాసకి లోపలి గాలిలో మారేది ఏడో వంతు. ఇంటి మీద పెద్ద నీళ్ల ట్యాంకు ఉన్నప్పుడు కింద మోటారు కాసేపు ఎక్కువ పోసినా, కాసేపు తక్కువ పోసినా కుళాయిలో ధార మారదు కదా, అలాగే రక్తానికి ఒక శ్వాస చిన్నదైనట్టు తెలియనే తెలియదు. నాలుగైదు శ్వాసల సగటు సరిగ్గా ఉంటే చాలు. ఈ నిల్వ లేకపోతే పీల్చినప్పుడల్లా రక్తం వాయువులు ఎగిరి, వదిలినప్పుడల్లా పడిపోయేవి. ప్రతి శ్వాసనీ కొలిచి తీసుకోవాల్సిన ఖర్మ పట్టేది.

ఊపిరి తీసుకోవడానికి కండరాలకయ్యే శ్రమ లెక్క కూడా ఇలాగే ఉంది. మరీ నెమ్మదిగా, మరీ లోతుగా పీలిస్తే ఊపిరితిత్తుల్ని, ఛాతీని సాగదీయడానికి ఎక్కువ బలం కావాలి. మరీ వేగంగా, పైపైన పీలిస్తే చాలా గాలి గొట్టాల దగ్గరే వృథా అవుతుంది. రెంటికీ మధ్య, నిమిషానికి 15 చుట్టుపక్కల, శ్రమ అతి తక్కువ అని 1950లో ఓటిస్, ఫెన్, రాన్ లెక్కగట్టారు. ఆ లెక్కని గ్రాఫ్ గీస్తే అడుగు కొనదేలి ఉండదు, పళ్లెంలా చదునుగా ఉంటుంది. 13 అయినా 17 అయినా శ్రమలో తేడా చాలా తక్కువ. కాబట్టి ఒక అంకె దగ్గర అంటిపెట్టుకుని ఉండాల్సిన అవసరం శరీరానికి లేదు. పెద్దవాళ్లకి నిమిషానికి 12 నుంచి 20 మామూలు అని ఇంత వెడల్పుగా చెప్పేది ఊరికే కాదు.

వీటికి తోడు రోజువారీ కారణాలు ఎన్నో. మాట్లాడేటప్పుడు చటుక్కున పీల్చి చాలాసేపు వదులుతాం. గుటక వేసిన ప్రతిసారీ ఊపిరి క్షణకాలం ఆగుతుంది, లేకపోతే పొలమారుతుంది. పక్కకి తిరిగి పడుకున్నా, కడుపునిండా తిన్నా, ఫోన్‌లో మెసేజ్ వచ్చినట్టు చప్పుడైనా, పాత విషయం ఏదో గుర్తొచ్చినా శ్వాస మారుతుంది. ఇదంతా పెద్ద విషయం కాదు.

పెద్ద విషయం ఇంకోటుంది, మీ టెన్షన్‌కి సగం కారణం అదే. ఊపిరిని గమనించడం మొదలుపెట్టగానే అది మారిపోతుంది. ఊపిరికి రెండు దారులున్నాయి. ఒకటి మజ్జాముఖం నుంచి దానంతటదే నడిచేది. రెండోది పైమెదడు నుంచి మన ఇష్టంతో నడిచేది. పుట్టుకతోనే మొదటి దారి సరిగ్గా పనిచేయని పిల్లలు అరుదుగా ఉంటారు. వాళ్లలో చాలామంది మెలకువగా ఉన్నప్పుడు బాగానే ఊపిరి తీసుకుంటారు, నిద్రపోతే ఆ ఊపిరి చాలదు. ఫాక్స్‌టూబీ (PHOX2B) అనే జన్యువులో మార్పు దీనికి కారణమని 2003లో తేలింది. మనందరిలో ఈ రెండు దారులూ ఒకేసారి పనిచేస్తుంటాయి. ‘నా ఊపిరి ఎలా ఉంది’ అని చూడగానే రెండో దారి వచ్చి మధ్యలో చేయి పెడుతుంది. శ్వాస కొంచెం లోతుగా, కొంచెం నెమ్మదిగా మారుతుంది. ల్యాబ్‌లో ముక్కుకి క్లిప్పు, నోటికి గొట్టం పెట్టి కొలిచినా ఇదే జరుగుతుంది. అలా పెట్టడంతోనే శ్వాస పెద్దదవుతుంది.

అందుకే నర్సమ్మ మీ ఊపిరి లెక్కపెడుతున్నప్పుడు ఆ సంగతి చెప్పదు. మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉంటుంది. నాడి చూడటం అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా, చూపు మాత్రం మెల్లగా ఛాతీ మీదికో పొట్ట మీదికో తిప్పి, పూర్తి నిమిషం లెక్కపెడుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం నాకు నచ్చదు. శ్వాసకీ శ్వాసకీ ఇంత తేడా ఉన్నప్పుడు పదిహేను సెకన్లలో మూడు పడటమా, నాలుగు పడటమా అన్నదాన్ని బట్టి జవాబు 12 నుంచి 16కి ఎగిరిపోతుంది. మీరు చీకట్లో పడుకుని మీ ఊపిరి మీరే గమనించుకున్నది మీ మామూలు ఊపిరి కానే కాదు. వాచీ పొద్దున్నే చూపించే 14.2 లాంటి అంకె రాత్రంతటి సగటు. సగటు నిలకడగా ఉందంటే లోపలి శ్వాసలన్నీ ఒకేలా ఉన్నాయని అర్థం చేసుకోకండి.

ఇప్పుడు ఆ పెద్ద ఊపిరి సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దీన్ని చూసి భయపడేవాళ్లు చాలామంది. ‘ఏంట్రా అలా నిట్టూరుస్తున్నావు, ఏం దిగులు’ అని ఇంట్లో వాళ్లు కూడా అడుగుతుంటారు. దిగులు ఉన్నా లేకపోయినా ఆరోగ్యవంతులు సుమారు ఐదు నిమిషాలకొకసారి నిట్టూరుస్తారు. గంటకి పన్నెండు అనుకోండి. మామూలు శ్వాసకి రెండింతలు, అంతకన్నా పెద్దది. చాలావరకు మనకి తెలియకుండానే జరిగిపోతుంది.

ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాల చివర వాయుగోణులనే బుల్లి గాలి సంచులుంటాయి, మనిషికి 30 నుంచి 50 కోట్ల దాకా. ఒక్కోటి మిల్లీమీటర్‌లో ఐదో వంతు. లోపల సన్నటి తడి పొర ఉంటుంది. తడి పొరకి ముడుచుకుపోయే గుణం ఉంది కాబట్టి వాటిని తెరిచి ఉంచడానికి సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థం కావాలి. అది చాలకే నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు. సర్ఫాక్టెంట్ ఉన్నా కూడా, ఒకే కొలతలో చిన్న శ్వాసలు వరసగా తీసుకుంటూ పోతే కొన్ని వాయుగోణులు నెమ్మదిగా మూసుకుపోతాయి. అదే మీడ్, అదే సంవత్సరం, కోలియర్‌తో కలిసి మత్తిచ్చిన కుక్కల్లో ఈ సంగతి కనిపెట్టాడు. మార్పు లేకుండా గాలి కొడుతూ ఉంటే ఊపిరితిత్తులు క్రమంగా బిరుసెక్కాయి. ఒక్కసారి బాగా పెద్దగా గాలి నింపితే మళ్లీ మెత్తబడ్డాయి. ఆపరేషన్ సమయంలో మత్తులో ఉన్న మనుషుల్లోనూ ఇలాంటిదే జరిగి రక్తంలో ఆక్సిజన్ తగ్గుతోందని 1963లో బోస్టన్‌లో బెండిక్సెన్ బృందం రాసింది. ఆ తర్వాతే కొన్ని వెంటిలేటర్లలో మధ్యమధ్య ఒక పెద్ద శ్వాస ఇచ్చే సదుపాయం చేర్చారు.

అంటే నిట్టూర్పు ఊపిరితిత్తులకి జరిగే మరమ్మత్తు. ఆ సాగుడు వల్ల మూసుకున్న వాయుగోణులు తెరుచుకోవడమే కాదు, సర్ఫాక్టెంట్‌ని తయారుచేసే కణాలు సాగి, దాన్ని కొత్తగా విడుదల చేస్తాయి. 2016లో ఫెల్డ్‌మన్, మార్క్ క్రాస్నో బృందాలు ఎలుకల్లో ఇంకో అడుగు ముందుకు వేశాయి. మామూలు శ్వాసని నిట్టూర్పుగా మార్చడానికి మెదడులో రెండు ప్రత్యేకమైన పెప్టైడులు, అంటే కణాల మధ్య కబురు మోసే చిన్న ప్రొటీన్ ముక్కలు, ఉన్నాయని తేల్చాయి. ఒక పనికి శరీరం ఇంత ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకుందంటే అది లోపం ఎలా అవుతుంది? నిట్టూర్పు వెనక వచ్చే విరామం గురించి కూడా మీరు రాశారు. పెద్ద శ్వాసతో కార్బన్ డయాక్సైడ్ కాస్త ఎక్కువగా బయటికి పోతుంది. అది మళ్లీ చేరేదాకా తర్వాతి శ్వాసకి తొందర ఉండదు. ఊపిరితిత్తులు బాగా సాగినప్పుడు వేగస్ అనే నరం ద్వారా మెదడుకి ‘చాలు, ఆగు’ అనే సంకేతం వెళ్తుందని 1868లోనే హెరింగ్, బ్రాయర్ గుర్తించారు, దాని పాత్ర కూడా ఉంది.

నిట్టూర్పే కాదు, మామూలు చిన్న చిన్న తేడాలకీ ఇలాంటి ప్రయోజనం ఉంది. 1998లో బేలా సూకీ తదితరులు నేచర్ పత్రికలో రాసింది ఇదే: వెంటిలేటర్ ఇచ్చే శ్వాసల్లో కావాలని హెచ్చుతగ్గులు పెడితే మూసుకుపోయిన ఊపిరితిత్తులు మెరుగ్గా తెరుచుకుంటాయి. ఒక్కో వాయుగోణి తెరుచుకోవడానికి ఒక్కో పీడనం కావాలి. ఎప్పుడూ ఒకే పీడనం ఇస్తే దానికి లొంగనివి ఎప్పటికీ మూసుకునే ఉంటాయి. మధ్యమధ్య కొంచెం ఎక్కువ పడితే అవీ తెరుచుకుంటాయి, వాటి వెనకున్న వాటికి దారి దొరుకుతుంది.

ఇక భయపడాల్సిన ఊపిరి ఎలా ఉంటుందో చెబుతాను, అప్పుడు మీది దానికెంత దూరమో మీకే తెలుస్తుంది. షుగర్ విపరీతంగా పెరిగి రక్తం ఆమ్లంగా మారినప్పుడు వచ్చే ఊపిరి చూడటానికి చాలా క్రమంగా ఉంటుంది. లోతుగా, ఎడతెరిపి లేకుండా, ఒకే తీరుగా సాగుతుంది. 1874లో జర్మనీ డాక్టర్ కుస్‌మావుల్ దాన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తాం. యోగా మాస్టారు చెప్పిన ‘సమంగా’ అన్న మాటకి అది పైకి సరిగ్గా సరిపోతుంది, కానీ ఆ మనిషి ప్రాణాపాయంలో ఉంటాడు. ఆమ్లాన్ని గాలి రూపంలో బయటికి తోయడానికి శరీరం ప్రతి శ్వాసనీ గరిష్ఠంగా వాడుకుంటోంది, అటూ ఇటూ కదిలే వీలే మిగల్లేదు.

వెంటిలేటర్ తీసేముందు మేము పెట్టే పరీక్షలోనూ ఇదే చూస్తాం. సాయం బాగా తగ్గించి అరగంట వదులుతాం. నిమిషానికి ఎన్ని శ్వాసలో, ఒక్కో శ్వాస ఎన్ని లీటర్లో చూసి మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తాం. 1991లో యాంగ్, టోబిన్ చెప్పిన లెక్క అది. 105 దాటితే మెషీన్ తీయడం కష్టమని అర్థం. 35 శ్వాసలు, ఒక్కోటి 0.25 లీటర్లు అంటే 140. అలసిపోతున్న పేషెంట్ స్క్రీన్ చూస్తే శ్వాసలన్నీ చిన్నవిగా, వేగంగా, దాదాపు ఒకే కొలతలో ఉంటాయి. ఇలా ఫెయిలయ్యేవాళ్లలో శ్వాసకీ శ్వాసకీ తేడా తక్కువగా ఉంటుందని పరిశోధనల్లోనూ తేలింది.

ఇంకో రకం ఉంది. శ్వాస నెమ్మదిగా పెద్దదవుతూ, పెద్దదవుతూ పోయి, మళ్లీ చిన్నదవుతూ వచ్చి, పూర్తిగా ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఇది అలలాగా ఒకే వరసలో తిరిగి తిరిగి వస్తుంది. 1818లో చెయిన్, 1854లో స్టోక్స్ వర్ణించారు. గుండె బలహీనపడినవాళ్లలో నిద్రలో ఎక్కువగా కనిపిస్తుంది. పైన చెప్పిన ఆలస్యమే ఇక్కడ ముదురుతుంది. రక్తం నెమ్మదిగా తిరగడంతో సమాచారం ఇంకా ఆలస్యంగా అందుతుంది, దిద్దుబాటు మరీ ఎక్కువైపోతుంది. ఇలా ఒక్కో చుట్టు పూర్తవడానికి నిమిషం దాకా పట్టవచ్చు. ఎత్తైన కొండ ప్రాంతాలకి వెళ్లిన ఆరోగ్యవంతులకి కూడా నిద్రలో ఇలాంటిదే వస్తుంది, అక్కడ ఒక్కో చుట్టు చిన్నది, కిందికి దిగితే పోతుంది. లడఖ్ వెళ్లినవాళ్లు మొదటి రాత్రి ఉలిక్కిపడి లేచామని చెప్పేది చాలాసార్లు ఇదే.

క్రమం తప్పిన ఊపిరి ఎప్పుడూ మంచిదే అని మాత్రం అనుకోకండి. తలకి పెద్ద దెబ్బ తగిలి మజ్జాముఖం దెబ్బతిన్నప్పుడు, మార్ఫిన్ లాంటి మందుల మోతాదు ఎక్కువైనప్పుడు ఊపిరి పూర్తిగా గతి తప్పుతుంది. రెండు శ్వాసలు, పెద్ద విరామం, ఒకటి, మళ్లీ విరామం. అలాంటి మనిషి మగతగా ఉంటాడు, పిలిస్తే సరిగ్గా పలకడు. మంచం మీద పడుకుని తన ఊపిరి గురించి ఇంత వివరంగా రాయగలిగే స్థితిలో ఉండడు. మీకు నేనిచ్చే భరోసాలో ఇదొక ముఖ్యమైన అంశం.

నిద్ర గురించి ఒక్క మాట. గాఢనిద్రలో ఊపిరి అన్నిటికన్నా క్రమంగా ఉంటుంది, పైమెదడు జోక్యం తగ్గిపోతుంది కాబట్టి. కలలొచ్చే దశలో గతుకుల్లో పడ్డట్టు మారుతుంది. రెండూ మామూలే. పెద్దవాళ్లలో పది సెకన్లు, అంతకుమించి ఊపిరి ఆగడం పదేపదే జరుగుతూ, గట్టి గురకా, పగలు కూర్చున్నచోటే కునుకూ ఉంటే మాత్రం స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్ష, చేయించుకోవాలి.

యోగా మాస్టారు చెప్పింది తప్పని నేననను. సాధన చేసే ఆ పదిహేను, ఇరవై నిమిషాలకి ఆ మాట వర్తిస్తుంది. నిమిషానికి ఆరు చొప్పున నెమ్మదిగా తీసుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది, గుండె వేగం శ్వాసతో పాటు లయగా ఊగడం కూడా అప్పుడు ఎక్కువవుతుంది. అది రెండో దారిని ఇష్టంగా వాడుకోవడం. చాప చుట్టేశాక పగ్గాలు మజ్జాముఖానికి వదిలేయండి. రోజంతా ప్రతి శ్వాసనీ సమం చేయాలని పట్టుబడితే చాలామందికి జరిగేది ఒకటే: తెలియకుండా అవసరానికి మించి పీలుస్తారు, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గాలి చాలనట్టు అనిపిస్తుంది, ఇంకా పీలుస్తారు. ఐదు నిమిషాలకొక నిట్టూర్పు కాస్తా నిమిషానికి రెండు మూడు అవుతుంది. మీకు ఇప్పటికే అలా ఉంటే ఊపిరితిత్తుల స్కాన్ కన్నా ముందు ఆ టెన్షన్ సంగతి డాక్టర్‌తో మాట్లాడండి. ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లలో నిట్టూర్పులు పెరగడం బాగా తెలిసిన విషయమే. వాచీలో శ్వాస అంకె చూడటం కొన్నాళ్లు మానేస్తే మంచిది.

మీరు వెంటనే చూపించుకోవాల్సినవి ఇవి: కూర్చుని ఉన్నా నిమిషానికి 20 పైనే ఉంటూ తగ్గకపోవడం, మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి రావడం, ఛాతీ నొప్పి, కాళ్ల వాపు, పెదాలు నీలంగా మారడం. మీరు రాసిన దాంట్లో వీటిలో ఒక్కటీ లేదు.

ఇక పాప సంగతి. పసిపిల్లల శ్వాస నిమిషానికి 30 నుంచి 60 దాకా ఉంటుంది. వాళ్లలో గాలి నిల్వ చిన్నది, బరువుని బట్టి చూస్తే ఆక్సిజన్ వాడకం మనకి దాదాపు రెట్టింపు, నియంత్రణ ఇంకా ముదరలేదు. అందుకే ఐదు నుంచి పది సెకన్లు ఆగి, గబగబా కొన్ని శ్వాసలు తీసుకుని, మళ్లీ మామూలవడం మొదటి నెలల్లో చాలామంది పిల్లల్లో ఉంటుంది. ఆరు నెలలొచ్చేసరికి బాగా తగ్గుతుంది. ఒళ్లు గులాబీ రంగులో ఉండి, పాలు బాగా తాగుతుంటే సాధారణంగా కంగారు అక్కర్లేదు. వెల్లకిలా పడుకోబెట్టమనండి, తల కింద దిండు వద్దు.

కానీ ఇరవై సెకన్లు ఆగినా, అంతకన్నా తక్కువ ఆగినా సరే పెదాలు నీలంగా మారినా, ఒళ్లు వాలిపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పాప నిద్రపోతున్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టమనండి. 60 వచ్చినా దాటినా కాసేపాగి మళ్లీ లెక్కపెట్టాలి, రెండోసారి కూడా అంతే ఉంటే చూపించాల్సిందే. రెండు నెలల లోపు పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు అది. డొక్కలు ఎగరేయడం, మూలుగుతూ ఊపిరి వదలడం, పాలు పట్టకపోవడం, జ్వరం కూడా ఆలస్యం చేయకూడని లక్షణాలే. నెలలు నిండకుండా పుట్టిన పాప అయితే నేను చెప్పిన మామూలు అన్న మాట మీద ఆధారపడకుండా డాక్టర్‌కి ఇప్పుడే చెప్పండి. ఏదేమైనా ఈసారి టీకాకి వెళ్లేటప్పుడు, పాప అలా ఆగి ఊపిరి తీసుకుంటున్నప్పుడు ఫోన్‌లో ఓ రెండు నిమిషాలు వీడియో తీసి తీసుకెళ్లమనండి. ఛాతీ, పొట్ట, ముఖం మూడూ కనిపించాలి, లైటు వేసి తీయాలి. పిల్లల డాక్టర్‌కి మాటల్లో ఎంత చెప్పినా తెలియనిది ఆ వీడియోలో తెలుస్తుంది.